పండరికి కాలినడకన పోయేవారికి

తొలి ఏకాదశి అంటే మన ఇళ్లలో పేలపిండి చేసుకోవడం, పెద్దవాళ్లు ఉపవాసం ఉండడం, అంతటితో సరి. మహారాష్ట్రంలో మాత్రం ఆ రోజుకు లక్షలాది జనం పండరిపురంలో చంద్రభాగ ఒడ్డుకు చేరుకుంటారు. చేరుకోవడమంటే రైలెక్కి చేరుకోవడం కాదు. పుణె దగ్గర ఆళంది అనే ఊళ్లో జ్ఞానేశ్వరుల పాదుకలను పల్లకిలో ఉంచుకుని, జ్యేష్ఠ బహుళ అష్టమినాడు బయలుదేరి, సుమారు 250 కిలోమీటర్లు నడిచి, ఆషాఢ శుద్ధ దశమినాటికి పండరి చేరతారు. దీన్ని వాళ్లు వారీ అంటారు. నడిచేవాళ్లు వార్కరీలు. తుకారాం పల్లకి దేహూ నుంచి ఒక రోజు ముందే, సప్తమినాడు బయలుదేరి వేరే దారిన వస్తుంది. ఇంకా ఎన్నో ఊళ్లనుంచి ఎందరో సాధువుల పల్లకీలు వస్తాయిగాని, ఈ రెండూ పెద్దవి.

మనకు పాండురంగడు కొత్తవాడేమీ కాదు. తెనాలి రామకృష్ణకవి ఆయన మీద ఒక ప్రబంధమే రాసినాడు. 1957లో వచ్చిన ఎన్‌.టి. రామారావుగారి సినిమా చూసి కళ్లు తుడుచుకోని తల్లులు అరుదు. బందరు పక్కన చిలకలపూడిలో ఆయన గుడి ఉన్నది. ఐనా నడిచి పండరికి పోదామనుకునేవారు, నిజామాబాదు, ఆదిలాబాదు వైపువారిని మినహాయిస్తే, మనలో తక్కువ. అనుకున్నవారికైనా ఏం మూట కట్టుకోవాలి, ఎక్కడ పడుకోవాలి, కాలు బొబ్బలెక్కితే ఏం చేయాలి అన్నది చెప్పే దిక్కు లేదు. నేను మా అక్కయ్యను వెంటబెట్టుకుని నడిచి వచ్చాను గనుక, తెలిసినంతవరకు రాస్తున్నాను.

మా అక్కయ్య సంగతి కొంచెం చెప్పక తప్పదు. ఆమెకు అరవై మూడేళ్లు. పన్నెండేళ్లనుంచీ షుగరు జబ్బు. మా బావగారు ఉన్న రోజుల్లో ప్రతి ఏడూ "వచ్చే ఏడు పండరికి నడిచిపోదామే" అనేవారు. ఆ వచ్చే ఏడు రాకుండానే ఆయన వెళ్లిపోయినారు. తరువాత రెండో ఏట అక్కయ్య, తాను పోతానని, అదీ చెప్పుల్లేకుండా పోతానని మొక్కుకుని కూర్చున్నది. డాక్టరుగారు నడకకు అడ్డుచెప్పలేదు. "కాని చెప్పుల్లేకుండా ఒక్క అడుగు వేసినా నా మందులు పనిచేయవమ్మా" అన్నారు. ఈ జబ్బు ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. రాయి గుచ్చుకున్నా తెలియదు. తెలిసేసరికి పుండవుతుంది, పుండు మానదు. మొక్కేమో ఆమెది, భయమేమో మా అందరిదీ. ఆ తగువు తెగకుండానే రైలెక్కినాము.

ఇక అసలు విషయం. ప్రయాణం తేదీలు పంచాంగం చూసి నిర్ణయించుకోవాలి. మన తిథులూ మరాఠీవాళ్ల తిథులూ ఒకటే గనుక మనకు చిక్కులేదు. ఇంగ్లీషు తేదీ మాత్రం జరుగుతూ ఉంటుంది. ఆషాఢ ఏకాదశి 2023లో జూన్ 29న, 2024లో జులై 17న, 2025లో జులై 6న వచ్చింది. దానికి పద్దెనిమిది రోజులు వెనక్కి లెక్కపెట్టుకుని, ఒక రోజు ముందుగానే పుణె చేరండి. విశాఖ, విజయవాడ, సికింద్రాబాదులనుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఆ దారినే పోతుంది. ఆళంది పుణెకు దగ్గరే. సిటీ బస్సులు తిరుగుతాయి.

ఒంటరిగా నడవవచ్చునా అంటే నడవవచ్చు. ఎవరూ కాదనరు. కాని ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో పోయేవారు ఏదైనా ఒక దిండీలో చేరడం మంచిది. దిండీ అంటే ఒక ఊరివాళ్లో, ఒక మఠంవాళ్లో కలిసి నడిచే బృందం. ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. రథానికి ముందు నడిచేవి కొన్ని, వెనుక నడిచేవి ఎక్కువ. ఎవరి స్థానం వారిదే, తరతరాలుగా మారదు. ముందు కాషాయపు జెండాలు, తరువాత తాళాలవాళ్లు, నడుమ వీణ, మద్దెల, వెనుక తులసికోటలు, నీళ్లబిందెలు తలమీద పెట్టుకున్న ఆడవాళ్లు. వీణ పట్టినవాడు దాన్ని కింద పెట్టడు, మరొకరికి అందిస్తాడు. ఈ కట్టుబాట్లన్నీ పంతొమ్మిదో శతాబ్దంలో హైబత్‌రావు బాబా అనే ఆయన ఏర్పరచినవి. గ్వాలియరు సింధియాల కొలువులో ఉండి వచ్చిన మనిషి కాబోలు, ఈ నడకకు సైన్యపు పోకడ అబ్బింది.

రెండు మూడు నెలల ముందే దిండీవాళ్లతో మాట్లాడుకోవాలి. ఇంత అని చందా కట్టించుకుంటారు. దానికి రెండు పూటలా భోజనం, రాత్రి గుడారం, మూటలు మోసే లారీ. లారీ పొద్దున్నే ముందుకు పోయి తరువాతి మజిలీలో గుడారం వేసి పొయ్యి రాజేస్తుంది. కనుక మీ భుజాన ఉండవలసింది ఒక చిన్న సంచి మాత్రమే.

ఆ సంచిలో ఏముండాలి? నీళ్లసీసా, వాన దుప్పటి, మందులు, ఉప్పు చక్కెర కలిసిన పొట్లాలు, ఒక తువ్వాలు. గొడుగు దండగ. గాలికి తిరగబడుతుంది, పక్కవాడి కంట్లో పొడుస్తుంది. అక్కడి పల్లెటూరి ఆడవాళ్లు ఒక ప్లాస్టిక్ పట్టా తలమీదనుంచి కప్పుకుని హాయిగా నడుస్తారు. పుణెలో ఎక్కడబడితే అక్కడ అమ్ముతారు, అదే కొనుక్కోండి. లారీలో వేసే మూటలో మూడు జతల పలుచని నూలు బట్టలు, ఒక దుప్పటి, టార్చిలైటు, చెంబు, కొబ్బరినూనె, గాజుగుడ్డ, దూది, సూదీ దారం. మందులు మాత్రం ఇరవై రోజులకు సరిపోయేవి రెండు భాగాలు చేసి, ఒకటి సంచిలో, ఒకటి మూటలో పెట్టండి. షుగరు ఉన్నవారు పరీక్ష చేసుకునే మిషనూ, చేతికందేటట్టు పటికబెల్లమూ ఉంచుకోవాలి. బంగారం ఇంట్లో పెట్టి రండి. భక్తులలో దొంగలు ఉండరుగాని, దొంగలలో భక్తులవలె కనిపించేవారు ఉంటారు.

ఒక కాగితం మీద దిండీ నంబరు, దిండీ పెద్ద ఫోను నంబరు దేవనాగరి లిపిలో రాయించి లోపలి జేబులో, ఆడవాళ్లు కొంగు ముడిలో పెట్టుకోవాలి. సెల్‌ఫోను ఉన్నది గదా అనుకోకండి. అంత జనంలో అది చాలాసార్లు మూగబోతుంది. "టీ కొట్టు దగ్గర కలుసుకుందాం" అంటే అక్కడ వంద టీ కొట్లుంటాయి.

అన్నిటికన్న ముఖ్యం కాళ్లు. కొత్త చెప్పులు, కొత్త బూట్లు వద్దు. నెలన్నర ముందునుంచి తొడిగి మెత్తబడినవి కావాలి. లోపల నూలు మేజోళ్లు. సాధన రెండు నెలల ముందు మొదలుపెట్టాలి. మొదట అయిదు కిలోమీటర్లు, పోనుపోను పదిహేను. ఒక్కరోజు పదిహేను నడవడం గొప్ప కాదు. మర్నాడు మళ్లీ లేచి నడవగలిగితే అది సాధన. కాలు చురుక్కుమన్నచోట ఆ క్షణాననే కూర్చుని మేజోడు విప్పి చూసుకోవాలి. మజిలీ చేరినాక చూద్దాంలే అనుకుంటే బొబ్బ లేస్తుంది. రాత్రి గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, వేళ్ల సందులు పూర్తిగా ఆరనిచ్చి పడుకోవాలి. మా అక్కయ్యకు రోజూ నేనే టార్చిలైటు వేసి అరికాళ్లు చూసేవాణ్ణి.

అవును, చెప్పుల తగువు ఎట్లా తెగిందో చెప్పలేదు. మొదటి రోజు ఆళందినుంచి పుణెదాకా ఆమె ఉత్తకాళ్లతోనే నడిచింది. నేను చెప్పులు చేత పట్టుకుని వెంట నడిచాను. మా దిండీలో దెగ్లూరు వైపునుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. ఆ సరిహద్దులో తెలుగు వచ్చినవారు చాలామంది. ఆమె మా వాలకం చూసి, సంగతి కనుక్కుని, తన కాళ్లకున్న కాన్వాసు బూట్లు చూపించింది. "అక్కా, దేవుడు ఇటుకమీద ఉత్తకాళ్లతోని నిలబడ్డడు, ఎందుకో ఎరుకేనా? ఆయన నడవడు గనక. నడిచేటోళ్లం మనం" అన్నది. అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న నా చేతిలోంచి చెప్పులు లాక్కున్నది. పద్దెనిమిదేళ్ల చదువుతో డాక్టరుగారు చేయలేనిది ఆమె ఒక్క మాటతో చేసింది.

పుణెలో రెండు రాత్రులు మజిలీ. ఏదైనా మరచినవి అక్కడే కొనుక్కోవాలి, తరువాత చిన్న ఊళ్లే. మూడో మజిలీ సాస్వడ్. మొత్తం దారిలో కష్టమైన రోజు అదే. 30 కిలోమీటర్లకు పైమాటే, నడుమ దివే ఘాట్ అనే కొండదారి. పైగా ఆ రోజు సాధారణంగా బహుళ ఏకాదశి అవుతుంది, ఉపవాసం. దారిపొడుగునా వేరుశనగపొడి వేసిన సగ్గుబియ్యం ఉప్పిండి, అరటిపళ్లు పంచుతూనే ఉంటారు. జబ్బులున్నవారు ఉపవాసాల జోలికి పోవద్దు. మా అక్కయ్య రొట్టె తినే నడిచింది. చూసి ఎవరూ మొహం చిట్లించలేదు. ఘాట్ ఎక్కేటప్పుడు పరుగెత్తకండి, పాటకు అడుగు కలపండి. తాళం పడుతున్నంతసేపూ కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఇది భక్తి విశేషమో, లయ విశేషమో నేను తేల్చి చెప్పలేను. సగం ఎక్కినాక వెనక్కి తిరిగి చూస్తే, కొండ చుట్టూ తెల్లటోపీలూ రంగురంగుల చీరలూ, నడుమ రథం లాగే ఎద్దుల జతలూ. సాస్వడ్ జ్ఞానేశ్వరుల తమ్ముడు సోపానదేవుల సమాధి ఉన్న ఊరు. మర్నాడు అక్కడే విశ్రాంతి. బట్టలు ఉతుక్కోవలసింది ఆ రోజే.

తరువాత జేజురి. ఖండోబా కొండ. పల్లకిమీద పసుపు చల్లుతారు, మనమీదా పడుతుంది. తెల్లబట్టలు కట్టుకోకండి, ఆ రంగు పండరిదాకా వదలదు. వాల్హే దాటి నీరా నదిలో పాదుకలకు స్నానం చేయించి, సాతారా జిల్లాలో లోనంద్ చేరతాము. ఇక్కడినుంచి వానలు పలచబడతాయి, ఎండ తేలుతుంది. తరడ్‌గావ్ దగ్గర మొదటి రింగణం చూడవలసిన వేడుక. కర్ణాటకలోని అంకలి గ్రామంనుంచి రెండు గుర్రాలు వస్తాయి. ఒకదానిమీద జెండా పట్టిన రౌతు ఉంటాడు, రెండోదానిమీద ఎవరూ ఉండరు. అది జ్ఞానేశ్వరులది. జనం విడిచిన దారిలో ఆ రెండూ పరుగుతీస్తాయి. రౌతులేని గుర్రం ముందుకు పోగానే దాని గిట్టల కింది మట్టి కోసం జనం మీదపడతారు. చిన్నపిల్లలు, ముసలివాళ్లు అంచున ఉండడం క్షేమం.

ఇప్పుడు పత్రికలో రాయదగినది కాదని కొందరు అనుకునే సంగతి ఒకటి. వేలూ లక్షలూ జనం ఒక చిన్న ఊరి పొలాల్లో దిగితే మరుగుదొడ్డి ఎట్లా? ఇదివరకటికన్న ఇప్పుడు చాలా మెరుగు. ప్రతి మజిలీలోనూ తాత్కాలికపు దొడ్లు వరుసగా నిలబెడతారు. కాని నాలుగు దాటితే వరుస చాంతాడంత. ఆడవాళ్లు రాత్రి రెండున్నరకే లేచి, ఇద్దరు ముగ్గురు కలిసి, ఆ పనీ స్నానమూ ముగించుకుని వచ్చి మళ్లీ ఒక గంట పడుకుంటారు. అదే పద్ధతి. స్నానం ట్యాంకరు కొళాయి కిందనే, చీరలు అడ్డం పట్టుకుని. దీనికి సిద్ధపడలేనివారు ఇంట్లోనే ఉండి తొలి ఏకాదశి చేసుకోవచ్చు, పుణ్యం తక్కువేమీ కాదు.

భోజనానికి లోటుండదు. జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లా, పచ్చిమిరపకాయ నూరిన ఠేచా. ఠేచా చూసి మనవాళ్లు గోంగూరపచ్చడి దొరికినట్టు సంబరపడతారు. దారిలో ప్రతి ఊరూ ఏదో ఒకటి పెడుతుంది. అటుకులు, లడ్డూలు, చాయ్. అన్నీ తినకూడదు, వద్దనకూడదు. కొద్దిగా తీసుకుని దండం పెట్టాలి. నీళ్లు ట్యాంకరువి పట్టుకునేముందు దిండీవాళ్లను అడగండి. మంగలివాళ్లు ఉచితంగా క్షౌరం చేస్తారు, చర్మకారులు తెగిన చెప్పు కుట్టి డబ్బు తీసుకోరు, కుర్రవాళ్లు కూర్చుని ముసలివాళ్ల కాళ్లు పడతారు. ఒకరినొకరు పేరుపెట్టి పిలవరు. అందరూ "మావులీ"లే. మావులీ అంటే తల్లి. కానిస్టేబులూ మావులీయే, పోకిరివాడూ మావులీయే. "మావులీ, జరుగు" అని మోచేత్తో పొడిచినా కోపం తెచ్చుకోలేము. కనిపించినవారి నుదుట నల్లని బుక్కా పెడతారు. మా అక్కయ్య బావగారు పోయినప్పటినుంచి నుదుట ఏమీ పెట్టుకోలేదు. మొదటి రోజు ఒక తల్లి వచ్చి, అడగకుండా, ఎవరని చూడకుండా, బుక్కా దిద్ది, కాళ్లకు దండం పెట్టి పోయింది. అక్కయ్య దాన్ని తుడుచుకోలేదు. నేనూ చూడనట్టే నడిచాను.

సాయంకాలం మజిలీలో జరిగే సమాజ ఆరతికి ఎంత అలసట ఉన్నా పొండి. దిండీలన్నీ పల్లకి చుట్టూ చేరి తాళాలు మోగిస్తూ ఉంటాయి. చోప్‌దారు చేతికర్ర పైకెత్తుతాడు. అంతటి హోరూ ఠక్కున ఆగిపోతుంది. ఎవరికైనా ఫిర్యాదు ఉంటే ఆ దిండీ తాళాలు మాత్రం ఆపదు. చోప్‌దారు అక్కడికి పోయి వారి గోడు వింటాడు. తరువాత దొరికిన వస్తువులు చదువుతారు. నేనున్న రోజున ఒక కళ్లజోడు, ఒక పళ్లసెట్టు చదివారు. పళ్లసెట్టుగలాయన లేచి వెళ్లి తెచ్చుకుంటుంటే అన్ని వేలమందీ నవ్వారు, ఆయనా నవ్వాడు, ఆ పళ్లు లేకుండానే.

ఫల్టణ్‌లో మాకు పరీక్ష వచ్చింది. టార్చిలైటు వెలుతురులో అక్కయ్య ఎడమపాదం చిటికెనవేలి కింద ఎర్రగా కమిలి ఉన్నది. ఆమెకు నొప్పే తెలియలేదు. శిబిరంలోని డాక్టరమ్మ కడిగి కట్టుకట్టి, "రెండు మజిలీలు నడవకూడదు. నడిస్తే ఇంటికి వేళ్లతో పోతారో లేదో చెప్పలేను" అన్నది. అక్కయ్య ఏడ్చింది. "ఒరే తమ్ముడూ, లారీ ఎక్కితే ఇక నడిచినట్టెట్లా అవుతుందిరా? మీ బావగారితో ఏం చెప్పను?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. దిండీ పెద్ద వయసైన రైతు, విని తాపీగా అన్నాడు: "లారీ తోలేవాడు ఇరవై ఏళ్లనుంచి వస్తున్నాడు, ఒక్క అడుగు నడవలేదు. వాణ్ణి వార్కరీ కాదని ఎవరంటారు? రేపు వంకాయలు తరిగేవాళ్లు తక్కువగా ఉన్నారు, తల్లి పోయి తరగాలి." బరడ్, నాతేపుతే మజిలీలు అక్కయ్య లారీలో ముందుపోయి, మూడువందలమందికి కూరలు తరిగింది. సాయంత్రం మేము దుమ్ముకొట్టుకుని చేరేసరికి చెంబుతో నీళ్లు పట్టుకుని దారిలో నిలబడేది. పాదం ఎరుపు తగ్గింది. మాళశిరస్‌ మజిలీకి డాక్టరు చూసి సరేనన్నాకనే మళ్లీ నడిచింది. మీ వెంట పెద్దవాళ్లుంటే ఈ లారీ సంగతి బయలుదేరకముందే ఇంట్లో మాట్లాడుకుని ఉంచండి. దారిలో మాట్లాడుకుంటే కన్నీళ్లవుతుంది.

వేళాపూర్ దగ్గర ఒక పల్లం ఉన్నది. తుకారాం అక్కడినుంచి పండరి శిఖరాన్ని చూసి పరుగెత్తినాడని చెబుతారు. అందుచేత దిండీలన్నీ అక్కడ పరుగెత్తుతాయి. కాళ్లు బాగాలేనివారు పక్కకు తప్పుకోవాలి. నేను అక్కయ్యను పక్కకు నిలబెట్టి, సంచి సర్దుకుని తలెత్తేసరికి ఆమె లేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, దెగ్లూరు ముసలామె చెయ్యి పట్టుకుని, పల్లం కింద ఉన్నది. పోయి పాదం చూశాను. ఏమీ కాలేదు.

వాఖరిలో పల్లకీలన్నీ కలుస్తాయి. అక్కడినుంచి దశమినాడు పండరి ప్రవేశం. ముందు చంద్రభాగ స్నానం. ఇది భీమానదే, పండరి దగ్గర నెలవంకలా వంపు తిరుగుతుంది గనుక ఆ పేరు. ఒడ్డున అడుగు జారుతుంది, లోతుకు పోవద్దు. ఇక దర్శనం. పాదాలు తాకే దర్శనానికి ఏకాదశినాడు ఒక పగలూ ఒక రాత్రీ దాటి నిలబడవలసి వస్తుంది. దూరంనుంచి ముఖం చూసే వరుస కొంత తక్కువ. ఆ రెండూ చాలనివారికి కలశ దర్శనం. గుడి శిఖరానికి చేతులు జోడించి, మహాద్వారం దగ్గర నామదేవుల మెట్టుకూ, దానికెదురుగా ఉన్న చోఖామేళా సమాధికీ తలవంచి మళ్లిపోవడం. ఈ చోఖామేళా కులం కారణంగా గుడి బయటే నిలిచిపోయిన భక్తుడు. ఆయన జాతివారికి గుడి తలుపులు తెరుచుకోవడానికి 1947లో సానే గురూజీ నిరాహారదీక్ష పట్టవలసివచ్చింది. పద్దెనిమిది రోజులు నడిచివచ్చినవారిలో చాలామంది శిఖరం చూసే తిరిగిపోతారు, వెలితి పడరు.

అక్కయ్యను వరుసలో నిలబెట్టే మాట లేదు. నేను ఎట్లా చెప్పాలా అని సతమతమవుతుంటే ఆమే అన్నది, "శిఖరం కనిపిస్తూనే ఉన్నదిగా, చాలు." బావగారి కండువా ఒకటి మూటలో తెచ్చుకున్నదని అప్పుడే తెలిసింది. దాన్ని చంద్రభాగలో జాడించి, పిండి, భుజాన ఆరేసుకుని నడిచింది.

తిరుగుప్రయాణం గురించి ముందే జాగ్రత్తపడాలి. పౌర్ణమినాటి గోపాలకాలా దాకా ఉండేవారు ఉంటారుగాని, ఎక్కువమంది ద్వాదశినాడు కదులుతారు. బస్సుల దగ్గర తొక్కిసలాట. త్రయోదశిదాకా ఆగి, 70 కిలోమీటర్ల దూరంలోని షోలాపూర్‌కు బస్సెక్కి, అక్కడ రైలు పట్టుకోవడం సుఖం. టిక్కెట్లు రెండు నెలల ముందే తీసి ఉంచండి. దిండీ పెద్దకు చెప్పి, వచ్చే ఏటికి పేర్లు అప్పుడే రాయించుకుంటే మళ్లీ ఉత్తరాలూ ఫోన్లూ అక్కరలేదు. అక్కయ్య తన పేరు రాయించింది. దాని కిందనే నా పేరు కూడా రాయించింది, నన్ను అడగకుండానే.